మోకు ఎక్కడ కట్టాలె?

తరిగొప్పులలో వెల్డింగ్ షాపు ముందు, వేపచెట్టు నీడలో, కొత్త బొలెరో పికప్ డాల దించుకుని నిలబడి ఉంది. పూజ చేసి బంపరుకు కట్టిన నిమ్మకాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. బండి వెనక ఇద్దరు. మేనమామ ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి, వడ్లు ఎన్ని లోడ్లు చేర్చాడో ఆయనకే లెక్క లేదు. మేనల్లుడు హైదరాబాద్‌లో పార్సిల్ బండి మీద ఎనిమిదేళ్లు పనిచేసి, ఫైనాన్సులో సొంత బండి తీసుకుని ఊరికి వచ్చాడు. బండి వెనక అడుగున ఏం పరవాలి, సరుకును దేనికి కట్టాలి అని ఇద్దరూ వాదించుకుంటుంటే నేను బెంచీ మీద కూర్చుని విన్నాను.

నాకిది చిన్న సంగతిగా అనిపించలేదు. నర్మెట మండలంలో ఉండిన తరిగొప్పుల, 2016 అక్టోబర్ 11న జనగామ జిల్లా ఏర్పడినప్పుడు సొంత మండలమైంది. రైలు మాత్రం జనగామ దాకానే. అక్కడి నుంచి యూరియా, బోరు మోటరు, పెళ్లి సామాను ఊరికి రావాలన్నా, ఇక్కడి నుంచి పత్తి, కూరగాయలు, గొర్రెలు పోవాలన్నా ఇలాంటి బండి వెనక ఉన్న యాభై చదరపు అడుగుల రేకే దిక్కు. 2005లో టాటా ఏస్ వచ్చిన దగ్గర నుంచి ఎడ్లబండి పని చాలావరకు, లారీ పని కొంత, ఈ చిన్న బండ్ల మీద పడింది. ఇంజిన్ గురించి, మైలేజీ గురించి ఎంతైనా మాట్లాడతాం, ఆ రేకు గురించి మాట్లాడం. వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాస్తున్నాను.

మామ: ఇంత ఆలోచన ఎందుకురా? మూడు ఎంఎం చెకర్ ప్లేటు తెచ్చి పరుద్దాం. నాలుగు దిక్కుల వెల్డింగ్ కొట్టిద్దాం. పదేండ్ల దాక మళ్ల చూడనక్కర్లే.

అల్లుడు: ఆ ప్లేటు బరువు ఎంతనో లెక్క తీసినవా మామా? బాడీ తొమ్మిది ఫీట్ల పొడుగు, అయిదున్నర ఫీట్ల ఎడల్పు. మూడు ఎంఎం ప్లేటు చదరపు మీటరుకు 25 కిలోల దాక తూగుతది. మొత్తం కలిపితే 115 కిలోలు. యూరియా బస్తా 45 కిలోలు. అంటే రెండున్నర బస్తాలు రోజూ ఊకెనే మోసుకుంట తిరుగుడే. డీజిల్ నాది, టైర్లు నావి. కిరాయి మాత్రం ఎవ్వడియ్యడు.

మామ: కిరాయి సంగతి తర్వాత. మొదటి వారంలనే ఎవలన్న బోరు మోటరు తెచ్చి దబ్బున పడేస్తరు. కేసింగ్ పైపులు గుంజుకుంట ఎక్కిస్తరు. నాగలి కర్రు మొనమీద పెడ్తరు. కంపెనీ రేకు ఎంత మందముంటది? సొట్ట పడ్తది, పెయింటు లేస్తది, లేచిన కాడ తుప్పు మొదలైతది. తుప్పు పట్టిన రేకు అన్నం ఉడికినట్టు లోపలికెల్లి ఉడుకుతది. పైన ఏం కనవడది. ఒకనాడు కాలు పెడితే కిందికి దిగుతది.

అల్లుడు: తుప్పు భయానికి వెల్డింగ్ పెట్టిస్తనంటవు. వెల్డింగ్ పెట్టిన ప్రతి కాడ కింద పెయింటు కాలిపోతది. పైన నువ్వు ప్లేటు చూసుకుంట మురుస్తవు, కిందికెల్లి తుప్పు ఎక్కుకుంట వస్తది. ప్లేటుకు రేకుకు నడ్మ నీళ్లు దిగితే ఎండేది ఎన్నడు? పైన ప్లేటు మీద బొడుపులు ఉంటయి గదా, బస్తా గుంజితే సంచి చినుగుతది. యూరియా కారితే రైతు నన్నే అంటడు.

ఈ మాట దగ్గర మామ కాసేపు మాట్లాడలేదు. నాకు పెంబర్తి గుర్తుకొచ్చింది. జనగామ పక్కనే ఉన్న ఆ ఊళ్లో విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద బొమ్మ ఎత్తేటప్పుడు రేకు వెనక లక్క పట్టిస్తారు. సుత్తి దెబ్బను లక్క తీసుకుంటుంది కాబట్టి రేకు చిరగకుండా వంగుతుంది. గట్టి రేకు వెనక ఇంకో గట్టి రేకు పెడితే పని నడవదు, మెత్తనిది కావాలి. బండి అడుగుకూ అంతే. దెబ్బ తినే రేకుకు తోడు ఇంకో రేకు కాదు, దెబ్బను మింగేది ఏదైనా కావాలి. ఈ విషయంలో అల్లుడిదే న్యాయం అని అక్కడే అనుకున్నాను. కానీ ఆ మింగేది ఏమిటన్న దగ్గర అతనూ తప్పులో కాలేశాడు.

అల్లుడు: (ఫోను చూపిస్తూ) ఇగో చూడు. డల్లాస్‌ల ఉన్న మా దోస్తు పంపిండు. పికప్ బాడీల నల్లటి ప్లాస్టిక్ తొట్టి అట్లనే దింపిండ్రు. అడుగు, పక్కలు, డాల, అన్నీ కప్పుకుంటది. వెల్డింగ్ లేదు, బరువు లేదు. ఇసుజు వి-క్రాస్‌కు మన దిక్కు కూడ ఏస్తున్నరు. నాకు గట్లాంటిది కావాలె.

మామ: ఆ దోస్తు బండిల ఏమేస్తడు?

అల్లుడు: ఏమేస్తడు... ఆదివారం సామాను తెచ్చుకుంటడు. సైకిలు ఏసుకపోతడు.

మామ: నువ్వేమేస్తవు? యూరియా, డీఏపీ, ఎర్ర పొటాషు. వానకాలం ఎర్వు బస్తాలు తడిసినయనుకో, కారిన యూరియా గాలిల తడి గుంజుకొని నీళ్లైతది. పొటాషుల ఉప్పు ఉంటది. ఆ నీళ్లు తొట్టి అంచుకెల్లి కిందికి దిగుతయి, రేకు మీద నిలుస్తయి. పైన ప్లాస్టిక్ ఉంటది గన్క ఎండ తగలదు, గాలి తగలదు. దానికితోడు దుబ్బ. మన తొవ్వల బండి కదిలిన కొద్ది ప్లాస్టిక్ కదుల్తది, నడ్మ చిక్కిన దుబ్బ గరుకు కాయితం లెక్క పెయింటును గీకుతది. ఏడాదికి తొట్టి లేపి చూడు, కింద ఏం మిగిల్తదో.

అల్లుడు: గంత కోపమెందుకు మామా, తొట్టి కాకపోతే స్ప్రే ఉన్నది. పాలియూరియా అని మందం పూత కొడ్తరు. రేకుకు అంటుకపోతది. నడ్మ సందే ఉండదు, నీళ్లెక్కడ నిలుస్తయి?

మామ: అది మంచిదే. కాదనను. కని కొత్త రేకు మీద, శుభ్రంగ గీకి కొట్టినప్పుడే మంచిది. తుప్పు మీద కొడితే కప్పిపెట్టినట్టు. మళ్ల పీకుదామంటె రాదు. అది కొట్టాలంటె హైదరాబాద్ పోవాలె, రెండు దినాలు బండి నిలబెట్టాలె, పైసలు చూసుకోవాలె. ఫస్టు కిస్తీ ఎన్నడున్నది నీకు?

అల్లుడు: వచ్చే నెల పదో తారీకు.

మామ: ఇగ నువ్వే చెప్పు.

ఇక్కడ ఒక మాట నేనే చేర్చాలి. ప్లాస్టిక్ తొట్టికి ఇంకో ప్రమాదం ఉంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థలు దాని మీద ప్రత్యేకంగా హెచ్చరించాయి. ప్లాస్టిక్ తొట్టి మీద పెట్రోలు డబ్బా ఉంచి అందులో పెట్రోలు నింపితే, పారే పెట్రోలు వల్ల పుట్టిన విద్యుత్తు భూమిలోకి పోవడానికి దారి ఉండదు. అది డబ్బా మీదే నిలిచి, నాజిల్ దగ్గర నిప్పురవ్వలా ఎగిరి, ఆవిరికి అంటుకుంటుంది. మన ఊళ్లలో స్ప్రేయర్లకూ కలుపు మిషన్లకూ పెట్రోలు డబ్బాల్లోనే వస్తుంది. బండిలో ఏది పరిచినా సరే, బంకులో డబ్బాను కిందికి దించి, నేల మీద పెట్టి నింపించుకోవాలి.

తర్వాత మాట రబ్బరు మ్యాటు మీదికి మళ్లింది. ఇద్దరూ ఒప్పుకునే చోటు అదే అనుకున్నాను. అక్కడా ఒప్పుకోలేదు.

మామ: రబ్బరంటె హమాలీలు తిడ్తరు. రేకు మీద బస్తా గుంజితే అంచు దాక జారి వస్తది. రబ్బరు మీద రాదు, ఎత్తాలె. నూరు బస్తాలు ఎత్తినోనికి తెలుస్తది.

అల్లుడు: జారొద్దనే గదా నేను పరిచేది. హమాలీకి జారొచ్చిన బస్తా బ్రేకు కొట్టినప్పుడు కూడ జారుతది మామా. పార్సిల్ కంపెనీల మాకు నేర్పిండ్రు. బండి గట్టిగ బ్రేకు కొడితే సరుకు బరువుల పది వంతులల ఎనిమిది వంతుల బలం ముంగటికి తోస్తదని లెక్క వేసుకోవాలె. మలుపుల, పక్కకు, సగం బరువు. యూరప్ల, అమెరికాల రూల్సు రెండూ గదే చెప్తయి. రోటవేటరు 400 కిలోలు ఉన్నదనుకో. 320 కిలోల బలం ముంగటికి వస్తది. ఇనుము మీద ఇనుము అయితే రాపిడి అయిదో వంతే, అంటే 80 కిలోలు. మిగిలిన 240 కిలోలు తాడు మీద పడ్తది. అదే రబ్బరు మీద పెడితే రాపిడే 240 కిలోలు ఆపుతది. తాడు మీద పడేది 80.

మామ: (వేళ్లు మడుస్తూ) 240... 80. మూడింతల తేడా.

అల్లుడు: అవును. అడుగు మంచిగుంటె తాడుకు పని తక్కువ. రెండూ వేర్వేరు పనులని మనమనుకుంటం. కాదు, రెండూ కలిసే సరుకును ఆపుతయి.

మామ: నీ లెక్క రోటవేటరుకు సరే. బస్తాలకు? మ్యాటు కింది వరసను పట్టుకుంటది. పైన నాలుగు వరసలు ఉంటయి. వాటిని ఎవలు పట్టుకుంటరు? బస్తా మీద బస్తా, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్. బ్రేకు కొట్టంగనే పై వరస క్యాబిన్‌కు గుద్దుతది. నా తలకాయ ఎన్క రెండుసార్లు గుద్దింది, నాకెర్క. బస్తాలను ఇటుకలు పేర్చినట్టు ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పేర్చాలె. క్యాబిన్‌కు ఆనించి మొదలుపెట్టాలె, సందు ఉంచొద్దు. మ్యాటు గొప్పతనం గంతవరకే.

అల్లుడు: అది ఒప్పుకుంట.

మామ: ఇంకోటి. మీ కంపెనీల నేర్పినోళ్లు వడ్లు ఏసిండ్రా ఎన్నడన్న? సంచి చినిగి గింజలు పడ్తయి. గింజల మీద బస్తా గోలీల మీద నిలబడ్డట్టు జారుతది. మ్యాటు అయినా అంతే, ప్లేటు అయినా అంతే. చీపురు సీటు ఎన్క ఉండాలె. లోడు ఎక్కించే ముంగట ఊడ్చాలె. పదిహేను దినాలకొకసారి మ్యాటు లేపి, కింద కడిగి, రెండూ ఎండవెట్టాలె. అతికించొద్దు. అతికిస్తే నీ మ్యాటు కూడ ఆ ప్లాస్టిక్ తొట్టే అయితది.

అల్లుడు: కొత్త మ్యాటు రేటు మస్తున్నది మామా.

మామ: కొత్తదెందుకు? గనులల్ల బొగ్గు మోసి పాతగైన కన్వేయర్ బెల్టు దొరికితే అది తెచ్చి కోపిచ్చు. లోపట గుడ్డ పొరలు ఉన్నది చూడు, ఇనుప తీగెలున్నది వద్దు, బరువు.

పాత కన్వేయర్ బెల్టు మాట విని నాకు సంతోషమైంది. సింగరేణి గనులు భూపాలపల్లిలో ఉన్నాయి కాబట్టి ఈ తావులో బెల్టు తెలియనివాళ్లు లేరు. టన్నుల కొద్దీ బొగ్గు మీద పడ్డా చిరగకుండా తయారుచేసిన రబ్బరు అది. బండి అడుగుకు దానికంటే తగిన సరుకు అంగట్లో తక్కువ.

అల్లుడికి గొర్రెల బేరం కూడా ఉంది. ఈ చుట్టుపక్కల గొల్ల కురుమల ఇళ్లు ఎక్కువ. 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి 21 చొప్పున ఇచ్చింది. జీవాలను తోలుకొచ్చే పనికి అప్పటి నుంచీ ఈ బండ్లకు గిరాకీ పెరిగింది.

అల్లుడు: జీవాల కోసమన్న రబ్బరు కావాలె మామా. ఉచ్చ పడ్డ రేకు మీద గొర్రె కాలు నిలవది. ఒకటి పడితే మిగిలినవి దాన్నే తొక్కుతయి. 1978ల వచ్చిన పశువుల రవాణా రూల్సులనే ఉన్నది. ఆవులు, బర్లను తీస్కపోయేటప్పుడు అడుగున కొబ్బరి పీచు చాప గాని, చెక్క గాని ఉండాలె, జారొద్దు. గొర్రెలకు, మేకలకు అయిదు సెంటీమీటర్ల మందం గడ్డి పరవాలె.

మామ: 21 గొర్రెలు ఒక్క ట్రిప్పుల పడ్తయా నీ బండిల?

అల్లుడు: కుక్కితే పడ్తయి. మోటరు బండ్ల రూలు ప్రకారం పడయి. ఒక గొర్రెకు 0.3 చదరపు మీటర్లు ఉండాలె. నా బాడీ 4.6 చదరపు మీటర్లు. 15 గొర్రెలు. రెండు ట్రిప్పులు కొట్టాలె.

మామ: కిరాయి ఇచ్చేటోడు రెండు ట్రిప్పులకు ఒప్పుకోడు.

అల్లుడు: ఒప్పుకోనోని గొర్రెలు నేను ఎక్కించుకోను.

మామ అల్లుడి వైపు కొంచెం సేపు చూసి తలూపాడు. అసలు యుద్ధం ఆ తర్వాత మొదలైంది.

అల్లుడు: ఇగ కట్టే సంగతి. బాడీకి రెండు దిక్కుల లోపటికెల్లి రెయిల్ పెట్టిద్దాం. అల్యూమినియం చానెల్ అన్నట్టు. దాంట్ల రింగులు జరుగుతయి, ఎక్కడ కావాలంటె అక్కడ ఆపుకోవచ్చు. రాచెట్ బెల్టు తగిలించి బిగిస్తే అయిపాయె.

మామ: డాలలకు బయట హుక్కులు ఉన్నయి గదా. కంపెనీయే ఇచ్చింది. మోకు ఏసి ఈ హుక్కు నుంచి ఆ హుక్కుకు గుంజి కడితే కదలది. మా నాయిన తాడెక్కినోడు. మోకు మీద ప్రాణం పెట్టి బతికినోడు. పొద్దుగాల చెట్టు కాడికి పోయే ముంగట మోకు మొత్తం చేతితోని తడిమి చూసేటోడు. ఒక పురి తెగినా ఎక్కేటోడు కాదు. నాకు మోకు గురించి చెప్పకు.

అల్లుడు: నీకు మోకు గురించి చెప్తలేను మామా. మోకు దేనికి కట్టినవో అడుగుతున్న. తాత మోకు దేని చుట్టూ ఏసేటోడు?

మామ: తాటిచెట్టు చుట్టు. ఇంకేంది?

అల్లుడు: తాటిచెట్టు కదుల్తదా?

మామ: కదలది.

అల్లుడు: డాల కదుల్తది. పక్క డాల కింద మడత బందులు ఉన్నయి, పైన గొళ్లెం ఉన్నది. దించేందుకే దాన్ని చేసిండ్రు. దానికి 400 కిలోల ఇనుము కట్టి మలుపు తిప్పితే ఆ బరువంత గొళ్లెం మీద, బందుల మీద పడ్తది. మోకు తెగది. గొళ్లెం ఊడ్తది.

వెల్డింగ్ షాపు ఆయన కూడా పని ఆపి ఇటు చూశాడు. మామ లేచి వెళ్లి పక్క డాలను రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. గొళ్లెం టకటకమంది. మళ్లీ ఊపాడు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడు విన్న మనిషి, ఆరోజే కొత్తగా విన్నట్టు నిలబడ్డాడు.

మామ: లారీకి హుక్కు ఛాసిస్ దాక పోయే చానెల్ మీద ఉంటది. దీనిది రేకు మీద ఉన్నది. నిజమే. తేలిక సరుకుకు సరే గని, ఇనుముకు పనికిరాదు.

అల్లుడు: గందుకే రెయిల్ అన్న.

మామ: ఆగు. రెయిల్ దేనికి బిగిస్తవు?

అల్లుడు: పక్క డాలకు, లోపటికెల్లి...

మామ: ఇగో, నువ్వు కూడ డాలకే వచ్చినవు.

అల్లుడు నవ్వేశాడు. ఆ నవ్వుతో వాదం సగం తీరిపోయింది.

మామ: ఇంకోటి కూడ ఉన్నది. ఆ చానెల్ సందుల మన దుబ్బ నిండుతది, మీదికెల్లి పెండ, గడ్డి. రింగు ఎక్కడున్నదో అక్కడే పట్టుకుంటది, జరగది. అమెరికాల సిమెంటు రోడ్డు మీద తిరిగే బండికి ఆ జరుగుడు సోకు. మనకు వద్దు. బండి కిందికి పోయి చూడు. అడుగు రేకు కింద అడ్డంగ ఇనుప పట్టీలు ఉంటయి. క్రాస్ మెంబర్లు. సరుకు బరువంత మోసేటివి అవి. రింగు వాటి మీదికి రావాలె. పైన రింగు, కింద మందం పట్టీ, నడ్మ బోల్టు, వదులుకాని నట్టు. ముంగట రెండు, నడ్మ రెండు, ఎన్క రెండు. ఆరు చాలు. ఛాసిస్‌ను ముట్టొద్దు. రంధ్రం తోడిన కాడ జింకు ప్రైమర్ పూసి బోల్టు దింపాలె, లేకపోతే అక్కడికెల్లే తుప్పు మొదలు.

అల్లుడు: రింగులు మ్యాటు మీదికి ఎట్ల వస్తయి?

మామ: మ్యాటుకు ఆరు కాడ కోత పెట్టు. లేపి కడిగేటప్పుడు రింగులు మడిచిపెడితే ఊడివస్తది.

అల్లుడు: మోకు ఇడిసిపెట్టి రాచెట్ బెల్టులు వాడొచ్చా మరి?

మామ: ఇనుముకు బెల్టు. బెల్టు మోకు లెక్క సాగది, దాని చీటీ మీద ఎంత బరువు ఆపుతదో రాసి ఉంటది. చీటీ లేని బెల్టు కొనకు. ఇనుము అంచుకు తగిలే కాడ పాత ట్యూబు ముక్క పెట్టు, లేకపోతే కోసుకపోతది. టమాట డబ్బాలకు, పత్తి సంచులకు మాత్రం మోకే. రాచెట్టు బిగించుడు మొదలుపెడితే చెయ్యి ఆగది, కింది డబ్బాల టమాట రసం అయితది. మోకు చేతికి చెప్తది, ఎంత గుంజినవో.

ఈ చివరి మాట నాకు చాలా నచ్చింది. మోకుకూ బెల్టుకూ పోటీ పెట్టడమే తప్పు. మెత్తని సరుకుకు చేతికి తెలిసే తాడు, గట్టి సరుకుకు అంతగా సాగని పట్టీ. మామ ఇంకో నియమం కూడా చెప్పాడు. బయలుదేరిన పది కిలోమీటర్లకు బండి ఆపి, దిగి, కట్టు చూసుకోవాలి. బస్తాలు కుదురుకుని తాడు వదులవుతుంది. అమెరికాలో పెద్ద లారీల చట్టం మొదటి 50 మైళ్ల లోపల ఆపి చూడాలంటుంది. మన దారులకు మామ చెప్పిన పది కిలోమీటర్లే సరి.

పత్తి ఎత్తు మీద పెద్దగా వాదం జరగలేదు. డాల మీద ఇంకో నిలువెత్తు పేర్చి వల కట్టడం రేపటి నుంచి మానుకుంటానని అల్లుడే అన్నాడు. మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ ప్రకారం సరుకు పక్కకు, వెనక్కు గానీ, హద్దు దాటి ఎత్తుకు గానీ పోతే జరిమానా 20,000 రూపాయలు.

అంతా తేలిపోయిందనుకుంటే, చివర్లో అల్లుడు ఒక మాట అన్నాడు.

అల్లుడు: రింగులు సరే మామా. పైన మాత్రం రెండు దిక్కుల పైపు ఒకటి పెట్టిద్దాం. పత్తి ఏరే దినాలల్ల పొద్దుగాల కూలోళ్లను చేన్లకు దింపుడు ఉంటది. కొమురెల్లి జాతరకు ఎవలన్న అడుగుతరు. నిలబడి పట్టుకుంటందుకు ఆసరా ఉంటది.

మామ: వద్దు.

అల్లుడు: అందరు తీస్కపోతున్నరు...

మామ: వద్దన్న గదరా. ఇప్పటిదాక ఏం లెక్క చెప్పినవు? బ్రేకు కొడితే పది వంతులల ఎనిమిది వంతుల బలమన్నవు. 50 కిలోల మనిషికి 40 కిలోల బలం ముంగటికి తోస్తది. ఒక చేతితోని పైపు పట్టుకున్న ముసలామె 40 కిలోలు ఆపుతదా? రోటవేటరుకు ఆరు రింగులు పెట్టిస్తవు, మనిషికి ఒక పైపు పెడ్తవా? పైపు పెట్టినవనుకో, ఎక్కేటోళ్లకు ధైర్యమొస్తది. ఇంకా ఎక్కువమంది ఎక్కుతరు.

అల్లుడు: ఇన్సూరెన్స్ ఉన్నది గదా మామా.

మామ: లేదు. సరుకు బండిల సరుకు ఓనరు సరుకుతోని వస్తే ఉన్నది, 1994ల చట్టం మార్చినంక. ఊకెనే ఎక్కినోళ్లకు లేదు. 2002ల సుప్రీంకోర్టు ఆశారాణి కేసుల తేల్చేసింది. మా యూనియన్ల అప్పుడు గదే ముచ్చట. ఏమన్న అయితే ఆ ఇంటోళ్లకు కంపెనీ ఇచ్చేది ఉండకపోవచ్చు. అంత నీ మీద పడ్తది. నీ బండి అమ్మినా తీరది.

అల్లుడు తల వంచుకుని టైరును కాలితో తన్నుతూ నిలబడ్డాడు. 2022 మే నెలలో కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డి నుంచి మనుషులతో తిరిగి వస్తున్న టాటా ఏస్ హసన్‌పల్లి దగ్గర లారీని ఢీకొని తొమ్మిది మంది పోయిన సంగతి నేను గుర్తుచేశాను. ఆ బండి అడుగున ఏం పరిచి ఉందో, రింగులు ఉన్నాయో లేవో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. సరుకు కోసం చేసిన చోట మనుషులు ఉన్నారు, అంతే.

ఈ చివరి విషయంలో నాది పూర్తిగా మామ పక్షం. కూలీలకు వేరే బండి దొరకదు, పొద్దున ఆరింటికి చేను దగ్గరికి బస్సు రాదు, నాకు తెలుసు. ఆ కష్టం నిజం. దాన్ని తీర్చాల్సింది పొద్దున పూట ఊరి బస్సుతో, సీట్లున్న ఆటోతో. పికప్‌కు పైపు కొట్టించి కాదు.

అల్లుడు: సరే మామా. పైపు వద్దు.

వెల్డింగ్ షాపు ఆయన డ్రిల్లు మిషన్ తీశాడు. మామ బండి కిందికి దూరి, క్రాస్ మెంబర్ ఎక్కడుందో సుద్దతో గీత గీసి ఇచ్చాడు. సాయంత్రానికి పని అయిపోయింది. పరవడానికి రబ్బరు మ్యాటు, అడుగున ఆరు రింగులు, సీటు వెనక చీపురు, ఒక మోకు, నాలుగు రాచెట్ బెల్టులు. ఆర్సీ కార్డు మీద సీట్ల సంఖ్య 2, డ్రైవర్‌తో కలిపి.